దావీదు లేడని రాశాను

మధ్యాహ్నం అన్నం తిని కునుకు తీస్తే నాకు ఇప్పటికీ వీధులే కనిపిస్తాయి. ఏ ఊరివో తెలియదు. రెండు వైపులా నిలువుగా పాతిన కడప బండల దడి, ఎండకు తెల్లబడిన దారి, ఏదో ఇంటి ముందు ఆరబోసిన పసుపు కొమ్ములు. నా చేతిలో ఒక కాగితం, అందులో ఒక పేరు. ఆ మనిషిని వెతుక్కుంటూ నడుస్తూ ఉంటాను. తలుపులన్నీ తెరిచే ఉంటాయి. ఎవరికీ తొందర లేదు, నాకూ లేదు. మెలకువ వచ్చేసరికి మా ఆవిడ టీ గ్లాసు పట్టుకుని నిలబడి ఉంటుంది. "ఏం, ఈ పొద్దు ఏ ఊరికి పోయింటివి?" అని అడుగుతుంది. నాకు ఊరి పేరు గుర్తుండదు.

పోలీసు శాఖలో నా ఉద్యోగం చివరి పదేళ్లకు పైగా ఇదే పని. పాస్‌పోర్టు కోసం దరఖాస్తు పెట్టిన మనిషి చెప్పిన ఇంట్లోనే ఉన్నాడా, అతని మీద కేసులేమైనా ఉన్నాయా, ఇరుగుపొరుగులో ఇద్దరు అతని గురించి ఏమంటారు, ఇవి కనుక్కొని రాసి పంపాలి. మొదట కర్నూలు వైపు చేశాను, తర్వాత మైదుకూరు చుట్టుపక్కల పల్లెల్లో. యూనిఫాం లేదు, లాఠీ లేదు. ఒక పాత మోటారు సైకిలు, ఒక సంచి, ఎండ. దస్తగిరి అనే నా పేరు కన్నా "పాస్‌పోర్టు పోలీసు" అన్న పేరే పల్లెల్లో ఎక్కువ మందికి తెలుసు.

ఇప్పుడు ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు ఫోనులోనే అన్నీ నింపేస్తున్నారు. మంచిదే. నేను రాసేది ఫోనులో నింపలేని వాటి గురించి. అందులోనూ ఎక్కువగా నేను చేసిన ఒక తప్పు గురించి.

తొందర ఎవరిది

ఆలస్యం అమృతం విషం అన్నారు పెద్దలు. నిదానమే ప్రధానం అని కూడా వాళ్లే అన్నారు. పాస్‌పోర్టు విచారణ చేసేవాడు ఈ రెండింటి మధ్య ఇరుక్కుని ఉంటాడు.

తత్కాల్ దరఖాస్తులు అని ఉంటాయి, అంటే అర్జెంటుగా కావలసినవి. కాగితాలన్నీ సరిగా ఉంటే పాస్‌పోర్టు ముందు చేతికి వచ్చేస్తుంది, మేము తర్వాత వెళ్లి విచారించేవాళ్లం. కాగితాల్లో ఏదైనా తేడా కనిపిస్తే మాత్రం ముందు మా విచారణే. అప్పుడు ఆ మనిషి ప్రయాణమంతా మా మోటారు సైకిలు మీద ఆధారపడి ఉంటుంది. ఈ సంగతి అతనికి తెలుసు. మనకే అప్పుడప్పుడు గుర్తుండదు.

తొందర అని చెప్పేవాళ్లందరిదీ తొందర కాదు. కర్నూలులో ఒకాయన రోజుకు మూడుసార్లు ఫోను చేసి, మా మామ విదేశంలో చనిపోయాడు, శవం తెచ్చుకోవాలి, త్వరగా రాయండి సార్ అని ఏడ్చాడు. నేను ఉన్న పని వదిలేసి వాళ్ల ఇంటికి పరిగెత్తాను. బయట అరుగు మీద కూర్చున్న పెద్దాయన లేచి నాకు మజ్జిగ తెచ్చి ఇచ్చాడు. తాగుతూ, మీరు ఆయనకు ఏమవుతారు అని అడిగాను. "నేను వాని మామనప్పా" అన్నాడు. చనిపోయిన మామ చేతి మజ్జిగ బాగానే ఉంది, ఉప్పు కొంచెం ఎక్కువ.

నాకు కోపం రావలసింది, నవ్వు వచ్చింది. ఇల్లు నిజం, మనిషి నిజం, కేసులు లేవు. ఉన్నది ఉన్నట్టు రాసి పంపాను. ఎవరి తొందర ఎంత నిజమో తేల్చడం మన పని కాదని నాకు ఆ రోజు అర్థమైంది. అయితే అర్థమైంది కదా అని అన్నిసార్లూ పాటించానని కాదు.

ఇంకో మాట కూడా చెప్పాలి. మా ఉద్యోగంలో చెయ్యి చాచేవాళ్లు ఉన్నారు, జనానికి అది తెలుసు. నేను చెయ్యి చాచలేదు గానీ పెట్టిన చోటల్లా టీ తాగాను, పెట్టని చోట ఒక నిమిషం ఎక్కువ నిలబడ్డాను. అది కూడా ఒక రకం చాచడమే అని రిటైరయ్యాక తోస్తోంది.

ముందు అడుగు

నాకు ఈ పని నేర్పింది కర్నూలులో ఒక ఇన్‌స్పెక్టరు. పొట్టి మనిషి, పెద్ద గొంతు, మధ్యాహ్నం పూట కుర్చీలోనే ఒక కన్ను మూసి నిద్రపోయేవాడు. ఆయన పాఠం ఒకటే. "ముందు అడుగు దస్తగిరీ. ఏంటికొచ్చినావో తర్వాత చెప్పు. ముందే చెప్పితివా, ఊరంతా ఒకే పాట పాడతాది."

ఆయన ఊరికే అనలేదు. చనిపోయినవాళ్ల పేర్ల మీద పాస్‌పోర్టులు తీసే ఒక ఏజెంటును ఆయన అట్లాగే పట్టుకున్నాడు. మనిషి పోయి ఏళ్లవుతుంది, అతని పేరుతో ఇంకొకడు విమానం ఎక్కేస్తాడు. ఆయన ఆ కథ చెప్పినప్పుడల్లా మాకు ఒళ్లు పులకరించేది. మేమూ ఒక్కసారైనా అలాంటిది పట్టుకోవాలని ఉండేది. నాకు ఆయన మీద ఇప్పటికీ గౌరవమే. ఆయన పాఠం దొంగల కోసం. నేను దాన్ని అందరి మీదా వాడాను.

ఎందుకొచ్చామో చెప్పకుండా ఒక పేరు అడిగితే పల్లెలో ఏమవుతుందో ఆలోచించండి. వీడు పోలీసని నడకలోనే తెలిసిపోతుంది. ఎవరో ఏదో చేశారని భయపడతారు. భయపడినవాళ్లు తక్కువ మాట్లాడతారు. ఆ తక్కువ మాటలనే మనం సాక్ష్యంగా రాసుకుంటాం.

ఆ మధ్యాహ్నం

అప్పుడు నాకు తెలియనిది మీకు ముందే చెప్పేస్తాను. మైదుకూరుకు కొంచెం దూరంలో ఒక పల్లె. అక్కడి సంతోషమ్మ భర్త పోయాక ఇంటి పనికి గల్ఫ్ దేశానికి వెళ్లింది. అక్కడే ఆమెకు పక్షవాతం వచ్చి ఆసుపత్రిలో పడింది. కుడి చెయ్యి, కుడి కాలు రావు, మాట తడబడుతుంది. ఇంటికి పంపడానికి అందరూ ఒప్పుకున్నారు, కానీ పక్కన సొంత మనిషి ఉంటేనే విమానం ఎక్కనిస్తామన్నారు. పనిచేయించుకున్న యజమాని మంచివాడు, వీసా పంపిస్తానన్నాడు. ఆమెకు ఉన్నది ఒక్క కొడుకు, ఇరవై రెండేళ్లవాడు. అతనికి పాస్‌పోర్టు లేదు. తత్కాల్‌లో పెట్టాడు. ఆధార్ కార్డులో దావీదు అని ఉంది, బడి సర్టిఫికెట్టులో వేరే పేరు ఉంది. అందుకని ముందు పోలీసు విచారణ అన్నారు. ఆ విచారణ నాకు వచ్చింది.

నా చేతికి వచ్చిన కాగితంలో ఇదంతా లేదు. దావీదు, తండ్రి ఏసుదాసు, ఊరు, వీధి. కింద "పత్రాల్లో పేరు తేడా" అని ఒక ముక్క. ఆ ముక్క చూడగానే నాకు పాత ఇన్‌స్పెక్టరు గుర్తొచ్చాడు.

ఎండాకాలం. కాలువలో నీళ్లు లేవు. దూరంగా నల్లమల కొండలు ఎండ పొరలో కదులుతున్నట్టు ఉన్నాయి. పల్లె మొత్తం నిద్రలో ఉంది. నాకూ సగం నిద్రే. ఆ వీధిలో నా చెప్పుల చప్పుడు నాకే వేరే ఎవరిదో అనిపించింది. మగవాళ్లు అందరూ పనులకు పోయారు. చర్చి పక్క వీధిలో, చివరి ఇంటి ముందు ఒక అవ్వ చింతపండు గింజలు తీస్తూ కూర్చుని ఉంది.

"అవ్వా, ఈ ఇంట్లో దావీదు అని ఎవరన్నా ఉండారా?" అని అడిగాను.

ఆమె చెయ్యి ఆగిపోయింది. కొంగు తల మీదికి లాక్కుంది. నా వైపు చూడకుండా, "ఆయప్ప పోయి శానా యేండ్లాయ నాయనా" అంది. గడ్డంతో చర్చి వెనక సమాధుల వైపు చూపించింది.

నాకు నిద్ర వదిలిపోయింది.

పక్కింటి ముందు ఇద్దరు ఆడవాళ్లు బిందెలు దించుకుంటున్నారు. వాళ్లనూ అదే అడిగాను. ఒకామె ఇంకొకామె ముఖం చూసింది. "ఆ పేరుగల్లోళ్లు ఈడ ఎవురూ లేరన్నా ఇప్పుడు. పెద్దాయన ఉండ్య, పోయ" అంది. రెండో ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని తల ఊపింది.

కాగితం మీద ఫోను నంబరు ఉంది. చేశాను. మైదుకూరులో దరఖాస్తు నింపిన షాపువాడిదట, ఎవరూ ఎత్తలేదు. ఫోటో చూపిద్దామంటే ఫోనులో తెరుచుకోలేదు, ఆ వీధిలో సిగ్నలు రాదు. ఊరి బయట మిట్ట ఎక్కితే వస్తుందని నాకు తెలుసు. ఎక్కలేదు. తండ్రి పేరు కాగితంలోనే ఉంది. ఏసుదాసు కొడుకు ఏడీ అని అడిగినా చాలేది. అడగలేదు. సాయంత్రం దాకా ఉంటే మగవాళ్లు వచ్చేవాళ్లు. ఉండలేదు. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్లని తీర్మానించుకున్నాను.

ఆఫీసుకు వెళ్లి రాసేశాను: "దరఖాస్తుదారు ఆ చిరునామాలో లేడు. ఆ పేరుగల వ్యక్తి చాలా ఏళ్ల కిందటే మరణించినట్లు ఇంటివారు, ఇరుగుపొరుగువారు చెప్పారు." చనిపోయినవాని పేరు మీద పాస్‌పోర్టు. నేనూ ఒకటి పట్టుకున్నాను. ఆ రోజు ఇంటికి వెళ్లి బిర్యానీ చెయ్యమని మా ఆవిడను అడిగాను కూడా.

కోసిగి పక్క పల్లెలో పుట్టినవాణ్ణి నేను. మా అమ్మానాయన ఏటా పని వెతుక్కుంటూ వలస పోయేవాళ్లు. సగం ఇళ్లకు తాళాలున్న వీధిలో పెరిగాను. ఇంట్లో కనిపించనంత మాత్రాన మనిషి లేడని కాదని నాకు తెలిసినంతగా ఎవరికీ తెలియకూడదు. అయినా రాశాను.

మూడో రోజు

మూడో రోజు ఉదయం ఆఫీసు ముందు ఒక కుర్రవాడు నిలబడి ఉన్నాడు. సన్నగా ఉన్నాడు, ఉతికిన చొక్కా, చేతిలో ప్లాస్టిక్ కవరు. నన్ను చూసి దండం పెట్టాడు.

"సార్, పాస్‌పోర్టు ఎంక్వయిరీకి మా పల్లెకు ఎప్పుడొస్తారు సార్? నేను మూడు దినాల నుంచి యాడికీ పోలేదు. మొన్న ఒక్క పూట ఆసుపత్రి కాగితాలు తెచ్చుకునేకి కడపకు పోయింటి."

పేరు అడిగాను. చెప్పాడు. ఫోను తీసి ఫోటో తెరిచాను. ఆఫీసులో సిగ్నలు బాగుంది. ఫోటోలో ఉన్నవాడు నా ముందే ఉన్నాడు.

"దావీదు చనిపోయినాడని మీ అవ్వే చెప్పింది కదప్పా!" అన్నాను.

కుర్రవాడు అర్థం కానట్టు చూశాడు. తర్వాత తల దించుకున్నాడు. "అది మా అబ్బ పేరు సార్, మా నాయనకు నాయన. అబ్బ పేరే నాకు పెట్టినారు. మా అవ్వ మొగుని పేరు ఎట్ల చెప్తాది? మా అమ్మకు మామ పేరు. మా వీధిలో ఆడోళ్లంతా మా అబ్బకు కోడండ్లే. ఎవురూ ఆ పేరు పలకరు. నన్ను చిన్నప్పా అంటారు. బడిలో చేర్పించేటప్పుడు మా అమ్మ ఒక్కతే పోయింది. అయివోరు పేరడిగితే చిన్నప్ప అని చెప్పింది. ఆ తేడా వచ్చె సార్ ఇప్పుడు."

ఆ అవ్వ కొంగు తల మీదికి లాక్కోవడం నేను చూశాను. మా అమ్మ కూడా మా నాయన పేరు ఒక్కనాడూ పలకలేదు. రేషన్ షాపులో పేరు అడిగితే నన్ను ముందుకు తోసేది. ఇదంతా నాకు పుట్టినప్పటి నుంచీ తెలుసు. వీధిలో నిలబడి, ఒక్క మగవాణ్ణి కూడా కలవకుండా, ముగ్గురు ఆడవాళ్లను వాళ్లు పలకని పేరే అడిగి వచ్చాను.

అప్పుడు కుర్రవాడు తన తల్లి సంగతి చెప్పాడు. ఆసుపత్రిలో ఉందని, తోడు పోవల్ల అని. "రోజూ నర్సమ్మ ఫోను పెట్టిస్తాది సార్. ఎప్పుడొస్తాండావు అని అడుగుతాది మా అమ్మ. మాట సరిగా రాదు, ఆ ఒక్క మాటే తెలుస్తాది." కుర్రవాడికి నేను రాసిన సంగతి ఇంకా తెలియదు. నాకు సిగ్గేసింది.

తప్పు అని రాయడం

మా పైన అప్పుడు ఒక మేడమ్ ఉండేది. నాకంటే పదిహేనేళ్లు చిన్నది, మాట తక్కువ. అంతకు ముందున్న ఆఫీసర్లయితే ఒకసారి పంపిన రిపోర్టును ముట్టుకునేవాళ్లు కాదు. మళ్లీ దరఖాస్తు పెట్టుకోమను అనేవాళ్లు, కొత్త దరఖాస్తుకు కొత్త రిపోర్టు, ఎవరి తప్పూ ఎక్కడా కనిపించదు. నేను అదే అడుగుదామని లోపలికి వెళ్లాను. నిజం చెప్పాలంటే అదే కోరుకున్నాను.

జరిగింది విని ఆమె ఒకే ప్రశ్న అడిగింది. "కొత్తగా పెడితే ఎన్ని రోజులు పడుతుంది?"

చెప్పాను.

"తప్పు నాది అని రాస్తే?"

"ఒక రోజు మేడమ్. రెండు."

ఆమె ఒక తెల్ల కాగితం నా వైపు తోసింది. అంతే. తిట్టలేదు. నేను రాసింది ఇప్పటికీ నాకు నోటికి వచ్చు: "నేను సరిగా విచారించలేదు. దరఖాస్తుదారు జీవించి ఉన్నాడు. అతడు ఆ ఇంట్లోనే ఉంటున్నాడు." ఇరవై ఆరేళ్లు రిపోర్టులు రాసినవాణ్ణి, ఆ మూడు వాక్యాలకు చెమట పట్టింది.

ఆ కాగితం తీసుకుని మళ్లీ ఆ పల్లెకు వెళ్లాను. ఈసారి ముందే చెప్పాను ఎందుకొచ్చానో. "సంతోషమ్మను తీసుకురానీకి చిన్నప్పకు పాస్‌పోర్టు కావల్ల, దానికొచ్చినా" అన్నాను. వీధి వీధంతా వచ్చేసింది. సంతకాలకు ఇద్దరు చాలు, పదకొండు మంది పెట్టారు, పాస్టరు గారు కలం తెచ్చాడు. అవ్వ నా చెయ్యి పట్టుకుని, "ఆ పొద్దే చెప్పింటే సరిపోవునే నాయనా, నేను పోలీసోళ్లు ఏంటికొచ్చినారో అని బయపడి మనవని సంగతి ఎత్తకుండా గమ్మునుంటి" అంది.

మేడమ్ పాస్‌పోర్టు ఆఫీసుకు తనే ఫోను మీద ఫోను చేసింది. ఆ మధ్యాహ్నం నేను సరిగా అడిగి ఉంటే రావలసిన రోజుకు నాలుగు రోజుల తర్వాత పాస్‌పోర్టు వచ్చింది. నాకు మెమో కూడా వచ్చింది. దాని గురించి చెప్పడానికి ఏమీ లేదు, న్యాయంగానే వచ్చింది. కుర్రవాడు వెళ్లాడు.

ఈ పనిలోకి వచ్చేవాళ్లకు నేను చెప్పగలిగినది ఇక్కడే ఉంది. తప్పు చేయకుండా ఎవరూ ఉండరు. చేసిన తప్పును దాచడానికి మన దగ్గర చాలా మంచి పద్ధతులున్నాయి, అన్నీ నియమాల ప్రకారమే ఉంటాయి. వాటి జోలికి పోకండి. ఇంకొకటి, ఎవరి వీధిలోనైనా అడుగు పెడితే ముందు ఎందుకొచ్చారో చెప్పండి. దొంగలు పట్టుబడటానికి వేరే దారులున్నాయి.

చూసి వచ్చాను

వాళ్లు తిరిగి వచ్చారని తెలిసి నెల దాటాక ఆ ఇంటికి వెళ్లాను. వెళ్లాలా వద్దా అని నెలంతా నాలో నేను కొట్టుకున్నాను. మొగులు పట్టి ఉంది, గాలి చల్లగా ఉంది, వీధిలో తడి మట్టి వాసన. సంతోషమ్మ వసారాలో నులక మంచం మీద గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. మూతి ఒక పక్కకు లాగినట్టు ఉంది గానీ కళ్లు చురుగ్గా ఉన్నాయి. కొడుకు ఆమె కుడి చేతి వేళ్లు ఒక్కొక్కటీ ముడిచి తెరుస్తున్నాడు, డాక్టరు చెప్పిన కసరత్తు.

నాకు కుర్చీ వేశారు. కుర్రవాడు అక్కడ జరిగింది చెప్పాడు.

"నన్ను చూసి అమ్మ చిన్నప్పా చిన్నప్పా అని ఏడిసింది సార్. ఆడుండే ఆసుపత్రి ఆఫీసరు పాస్‌పోర్టు చూసి, దీంట్లో పేరు వేరే ఉండాదే, ఈమె నీ తల్లేనా అన్న్యాడు. నర్సమ్మ మనోళ్ల మాదిరే, కేరళామె, అమ్మను అడిగింది, నీ కొడుకు పేరు చెప్పమ్మా, చెప్తేనే పంపుతారు అని. మా అమ్మ ఎడం చేత్తో దుప్పటి తల మీదికి లాక్కునింది సార్, కొంగు లేదు గదా ఆడ. లాక్కోని చెప్పింది. మా అమ్మ నోట నా పేరు అదే మొదటిసారి ఇనేది నేను."

సంతోషమ్మ నవ్వుతూ కొడుకును ఎడం చేత్తో కొట్టింది, చెప్పొద్దన్నట్టు.

నేను వచ్చిన పని అప్పుడు చెప్పాను. "అమ్మా, నీ కొడుకు లేడని రాసింది నేనే. నా వల్ల నాలుగు రోజులు ఆలస్యమైంది. ఆ మాట నీకు చెప్పాలనే వచ్చినా."

ఆమె ఒక్కో మాటా కూడదీసుకుంటూ, మధ్య మధ్య కొడుకు అందిస్తుంటే, చెప్పింది.

"నీ తప్పేముందన్నా. మేము పలకని పేరు నీకెట్ల తెలుస్తాది."

నేను తల దించుకున్నాను. ఆమె ఆగలేదు. కోపం లేదు, ఫిర్యాదు లేదు, అడిగితే ఊరి సంగతి చెబుతున్నట్టే చెప్పింది.

"నా మంచం వాకిలి దిక్కే ఉండ్య. తలుపు తీసినప్పుడల్లా నా కొడుకే అనుకుంటి. కాదు. మళ్లా పండుకుంటి. మళ్లా తీస్తారు. ఆసుపత్రిలో తలుపు దినానికి శానాసార్లు తీస్తారన్నా."